మొలతాడు ముడి

చెప్పులు విప్పి చేత పట్టుకోండి. వాగు మోకాళ్ల దాకానే ఉంది కానీ అడుగున రాళ్లు పాచిపట్టి జారుతున్నాయి. మీ ముందున్న ఆశ కార్యకర్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని, ఒక్కసారైనా కిందికి చూడకుండా అవతలి గట్టెక్కేసింది. శ్రావణ మాసం. రాత్రంతా కురిసి తెల్లారుజామున తెరిపిచ్చింది. వెనక చింతూరు వైపు ఘాట్ రోడ్డు మీద ఎక్కడో లారీ గేరు మార్చిన మోత. ముందు వెదురు పొదలు, వాటి వెనక పది పన్నెండు ఇళ్ల కోయగూడెం. మీ కాళ్లను ఒరుసుకుంటూ పోతున్న ఈ నీళ్లు శబరిలో కలుస్తాయి, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. గోదావరి నిండినప్పుడు మాత్రం దారి తిరగబడుతుంది. శబరి వెనక్కి ఎగదన్ని చింతూరు వీధుల్లోకి వస్తుంది.

గట్టు పక్కన ఇసుకలో చెలమ తవ్వి ఉంది. జానెడు వెడల్పు, మూరెడు లోతు. ఒకమ్మాయి వంగి సొరకాయ బుర్రతో ముంచి బిందెలో పోసుకుంటోంది. ఊట నీరు అద్దంలా ఉంది. మీకూ దాహం వేస్తుంది. కొంచెం పైన పశువులు దాటిన గిట్టల గుర్తులు, వాటి పక్కనే పేడ. రాత్రి వాన వాటి మీదుగానే పారింది. గూడెంలో బోరింగు లేక కాదు, ఉంది. ఆ నీళ్లకు తుప్పు వాసన, అన్నం ఎర్రబడుతుందని పక్కన పెట్టారు. కంటికి తేటగా ఉన్న నీటి మీద నమ్మకం ఉండటం తప్పని నేనెలా అంటాను?

మీరు వెళ్లాల్సిన ఇల్లు చివరిది. ముసలాయన గోడకట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. గోడంటే తడిక: వెదురు దబ్బలు అడ్డంగా నిలువుగా అల్లి, గుంజలకు కట్టి, పైన మట్టి మెత్తింది. కింద జానెడు మేర మట్టి ఊడి, తడిక బయటపడి వదులుగా వేలాడుతోంది. ఆయన అడ్డతీగ నారను నీళ్లలో నానబెట్టి, ఒక్కో పీలికా తీసి, దబ్బను గుంజకు బిగించి కడుతున్నాడు.

"వెదురు పుచ్చిందా తాతా?" అని అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. "వెదురుకేం కాదయ్యా. కట్టే ముందు తెగుద్ది."

ఆ మాట కాసేపు చెవిలో ఉంచుకోండి. దాని కోసమే మిమ్మల్ని ఇంతదూరం తీసుకొచ్చాను.

లోపల చీకటి. పొగ వాసన. తల్లి ఒళ్లో పద్నాలుగు నెలల పాప. పేరు అడగకండి. ఈ కొండల్లో వానాకాలంలో ఇలాంటి పాప ఏదో ఒక ఇంట్లో ఉంటూనే ఉంటుంది, ఈ ఇల్లు వాటన్నిటి బదులు. పాప ఏడుస్తోంది కానీ కన్నీళ్లు రావడం లేదు. కళ్లు లోతుకు పోయాయి. ఒంటి మీద నల్ల మొలతాడు తప్ప ఏమీ లేదు. నిన్నటిదాకా నడుముకు సరిగ్గా పట్టిన మొలతాడు ఇవాళ కిందికి జారుతోంది.

"ఎప్పటి నుంచి చెల్లీ?"

"నిన్న దీపాలేళ నుంచి అక్కా. నీళ్లల్లే పోతున్నాయి. ఏడెనిమిదిసార్లు."

ఆశ కార్యకర్త పాప పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదులుతుంది. ముడత వెంటనే సర్దుకోలేదు. సంచిలోంచి లీటరు సీసా తీస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు తనే ఇంటి నుంచి మోసుకొచ్చింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మూల చించి పొడంతా ఒక్కసారే అందులో పోసి గిలకొడుతుంది. సగం పొడి సగం నీళ్లు అనే లెక్క పనికిరాదు, ప్యాకెట్టంతా లీటరుకే. తర్వాత చెంచా. తల్లి దాన్ని పాప పెదవుల దగ్గర పెట్టగానే పాప ఆబగా మింగింది.

ఆ చెంచాడు నీళ్ల వెంట మీరూ పదండి.

గొంతు దాటి, జీర్ణాశయం దాటి, చిన్నపేగులోకి. ఇక్కడ మీరు కొంచెం కొలత మార్చుకోవాలి. పేగు గోడలోని ఒక్క కణాన్ని ఈ కోయ ఇల్లంత ఎత్తుకు, అంటే ఇద్దరు మనుషుల ఎత్తుకు పెంచి చూడండి. ఇప్పుడు మీరు ఒక వీధిలో ఉన్నారు. రెండువైపులా మెత్తటి కొండలు, వాటి వాలంతా ఇళ్లకు ఇళ్లు ఆనుకుని కట్టినట్టు కణాలు. ఒక్క వరుసే. ఇంత పెద్ద ప్రాణికి లోపలికీ బయటికీ మధ్య అడ్డు ఇదొక్క వరుస. పేగు బోలు మన లోపల ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి అది బయటే. అక్కడ పడ్డ చెలమ నీరు ఇంకా పాప ఒంట్లోకి వచ్చినట్టు కాదు. ఈ వరుస దాటితేనే ఒళ్లు.

ప్రతి కణం నెత్తి దగ్గర, పైకప్పుకు కాస్త కింద, చుట్టూ ఒక పట్టీ తిరిగి ఉంది చూడండి. మీ కొలతలో బెత్తెడు వెడల్పు. పక్క కణానికీ అలాంటిదే. రెండూ సరిగ్గా అక్కడే అతుక్కుని, మధ్యలో సందు కనబడటం లేదు. మార్లిన్ ఫార్కర్, జార్జ్ పలాడే అనే ఇద్దరు 1963లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దీన్ని వివరంగా చూసి లాటిన్‌లో 'జోన్యులా ఆక్లూడెన్స్' అన్నారు. మూసే చిన్న నడికట్టు అని అర్థం. మనం మొలతాడు అనుకుంటే సరిపోతుంది, అంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. ప్రతి కణానికీ ఒక మొలతాడు, పక్కవాడి మొలతాడుతో కలిపి కుట్టింది.

కుట్టిన దారాలను దగ్గరగా వెళ్లి చూడండి. అవి క్లాడిన్ అనే ప్రొటీన్లు. పొర లోంచి బయటికి తలపెట్టి, ఎదుటి కణం క్లాడిన్‌తో తలలు ఆనించి వరుసగా నిలబడ్డాయి. జపాన్‌లో షోయిచిరో సుకితా బృందం 1993లో ఆక్లూడిన్‌ను, 1998లో క్లాడిన్లను కనుక్కుంది. కొన్ని క్లాడిన్ల మధ్య సూది మొనంత రంధ్రాలున్నాయి, ఉప్పు అణువులు, నీళ్లు ఆచితూచి దాటడానికి. క్రిమికి దారే లేదు. మీ కొలతలో ఒక బాక్టీరియా కోడిపుంజంత ఉంటుంది. ఇంత గట్టి గోడను చూసి ఇదంతా క్లాడిన్ల గొప్పతనమే అనుకుంటారు.

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు పొరకు ఇవతలికి, కణం లోపలికి రండి. తడిక వెనక్కి వెళ్లి చూడటమన్నమాట.

ప్రతి క్లాడిన్‌కూ లోపలి వైపు ఒక చిన్న తోక ఉంది. ఆ తోకను పట్టుకుని ఒక పొడవాటి ప్రొటీన్ నిలబడింది. దాని పేరు జెడ్‌ఓ-1. పదిహేడు వందలకు పైగా అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసులో అక్కడక్కడ కొక్కేల్లాంటి మడతలు. మొదటి కొక్కెం క్లాడిన్ తోకను పట్టుకుంటుంది. రెండోది పక్కనున్న మరో జెడ్‌ఓను. ఇంకో మడత ఆక్లూడిన్‌ను పట్టుకుంటుంది. ఇక చివరి తోక కణం చుట్టూ తిరిగిన యాక్టిన్ తాడును ఒడిసిపట్టుకుంటుంది. తానుగా ఏ రసాయన చర్యా చేయదు. దేన్నీ కోయదు, కరిగించదు. దాని పనల్లా పట్టుకోవడం, ఒకదాన్ని ఇంకోదాని పక్కన నిలబెట్టడం. ఇలాంటివాటిని పరంజా ప్రొటీన్లు అంటారు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. ఇల్లు పూర్తయ్యాక పరంజా విప్పేస్తారు, దీన్ని విప్పితే ఇల్లుండదు. తాత చేతిలోని నార దీనికి సరైన పోలిక.

హార్వర్డ్‌లో డేనియల్ గుడెనఫ్ ప్రయోగశాలలో బ్రూస్ స్టీవెన్సన్, తోటివారు జెడ్‌ఓ-1ను మొదట గుర్తించింది 1986లో. ఆ సంవత్సరం ఈ గూడెంలో వేరే కారణానికి గుర్తు. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. తాత ఇంకా "ఎనభై ఆరు వరద" అనే లెక్కపెడతాడు. మళ్లీ అంత కాకపోయినా 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఈ తడిక ఆ వరద తర్వాత కట్టిందే.

కట్టు లేకపోతే ఏమవుతుందో జపాన్‌లోనే 2006లో చేసి చూశారు. కణాల్లో జెడ్‌ఓ-1, దాని తమ్ముడు జెడ్‌ఓ-2 రెండూ లేకుండా చేశారు. కణాలు బతికే ఉన్నాయి. క్లాడిన్లు తయారవుతూనే ఉన్నాయి. కానీ వరుసలో నిలబడలేదు. ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్లు లేక చెల్లాచెదురుగా ఉండిపోయాయి. మొలతాడు కట్టుకోలేదు, గోడ కారిపోయింది. వెదురంతా ఉంది, తడిక లేదు. ఈ ప్రయోగం గురించి చదివిన రోజు తాతలాంటివాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నదే కదా అనిపించింది.

జెడ్‌ఓ-1 గట్టి ముడి అనుకుంటే మళ్లీ పొరపాటు. చేయి పెట్టి చూడండి, కదులుతోంది. ఒక్కో అణువు వచ్చి పట్టుకుంటుంది, కాసేపుండి వదిలేసి కణం లోపలికి వెళుతుంది, ఇంకొకటి దాని చోటికి వస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 2019లో చూపించారు: జెడ్‌ఓ ప్రొటీన్లు నీటిలో నూనె బొట్టు కట్టినట్టు ఒకచోట గుమికూడి బొట్లవుతాయి, ఆ బొట్లు క్లాడిన్‌ను, యాక్టిన్‌ను తమలోకి లాక్కుంటాయి, అక్కణ్నుంచే పట్టీ మొదలవుతుంది. పేగు కణం మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది. రాలే కణం చుట్టూ పక్క కణాలు తమ కట్లను జరుపుకుంటూ పోతాయి, సందు పడకుండా. పారే నీటి మీద కట్టిన కట్టు ఇది.

ఇక్కడ ఆగి వెనక్కి తిరగండి. వీధి మొదట్లో ఏదో మారింది.

అదిగో, ఒక కణం నెత్తి మీద బాక్టీరియాలు దిగాయి. పాపను పట్టిందేదో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, తేల్చే పరీక్షా ఇక్కడ లేదు. కాబట్టి పిల్లలకు విరేచనాలు తెచ్చేవాటిలో బాగా తెలిసిన ఒకదాన్ని చూపిస్తాను: ఈ.కొలైలో ఒక రకం. అది పుంజులా కణం మీద తిష్ఠ వేసి సూదిలాంటి గొట్టాన్ని లోపలికి దించుతుంది. అందులోంచి తన ప్రొటీన్లు ఎక్కిస్తుంది. కాసేపటికి జెడ్‌ఓ-1 అంచు వదిలి కణం మధ్యలోకి జారిపోతుంది, యాక్టిన్ తాడు సడలుతుంది, మొలతాడు తెగినచోట సందు పడుతుంది. రోటావైరస్‌ది ఇంకో పద్ధతి. మీ కొలతలో చింతగింజంతే ఉంటుంది, కణంలోకి దూరి దాన్నే చంపుతుంది. దానికి ముందే కట్లు వదులుచేస్తుందని ప్రయోగశాలలో చూశారు. కలరా క్రిమిది మరీ తెగువ. దాని అసలు విషం కణాన్నే పంపులా మార్చి నీళ్లు బయటికి తోడిస్తుంది. దాన్ని 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే నిరూపించారు. అదే క్రిమి దగ్గర మరో విషం కూడా ఉందని 1991లో అమెరికాలో అలెస్సియో ఫసానో బృందం కనిపెట్టింది. అది యాక్టిన్‌ను కదిలించి కణాల మధ్య కట్టును సడలిస్తుంది. ఆ విషానికి పేరు కూడా మొలతాడు నుంచే వచ్చింది: జోట్, జోన్యులా ఆక్లూడెన్స్ టాక్సిన్.

నీళ్లు మీ చుట్టూ చేరుతున్నాయి. పాప ఒంట్లోని నీరు, ఉప్పు కణాల సందుల్లోంచి వీధిలోకి కారిపోతోంది. కింది నుంచి పైకి ఊరుతున్న చెలమలా. ఒళ్లు ఎండిపోవడం అంటే ఇదే.

అప్పుడు చెంచాడు ఓఆర్ఎస్ వచ్చి పడుతుంది.

చూస్తుండండి. కణం నెత్తి మీద మరో ప్రొటీన్ ఉంది, తలుపులాంటిది. అది విడిగా చక్కెరను పంపదు. రెండు సోడియం అణువులు, ఒక గ్లూకోజ్ అణువు జోడీగా వస్తేనే తీస్తుంది. ఇలా జోడీగా పోతాయన్నది 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పిన సంగతి. చాలా క్రిములు మొలతాడు తెంపినా ఈ తలుపును పూర్తిగా పాడుచేయలేవు. సోడియం, గ్లూకోజ్ లోపలికి పోగానే నీరు వాటి వెంట పోతుంది. ఓఆర్ఎస్‌లో రెండూ కలిపి ఉండటం ఈ జోడీ కోసమే; ఇప్పటి ఓఆర్ఎస్‌లో అవి సరిసమానంగా, లీటరుకు 75 మిల్లీమోల్ చొప్పున ఉంటాయి. ఇంకొకటి కూడా జరుగుతుంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆ జోడీ లోపలికి వచ్చిందని తెలియగానే కణం తన యాక్టిన్ తాడును కొంచెం లాగుతుంది. ఆ తాడుకు జెడ్‌ఓ-1 కట్టి ఉంది కనక మొలతాడు రవ్వంత విచ్చుకుంటుంది. ఆ సందులోంచి కూడా నీరు, చక్కెర లోపలికి జారతాయి. క్రిమి తెంపితే నీరు బయటికి పోతుంది, కణం తనంతట తాను వదులుచేసుకుంటే లోపలికి వస్తుంది. అదే కట్టు, అదే సందు. పట్టుకోవడంతో పాటు ఎప్పుడు ఎంత వదలాలో తెలిసి ఉండటం కూడా దాని పనే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోయి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి తల్లుల చేత, అక్కల చేత తాగించారు. వంద మందిలో ముప్పై మంది పోయే చోట నలుగురి లోపుకు తగ్గింది. ఆయన వాళ్ల చేతికి ఇచ్చింది కూడా ఒక గ్లాసే. మీ ముందున్న ఈ తల్లి చేతిలో చెంచా ఉంది.

ఇక పైకి రండి. రెండు గంటలు గడిచాయి.

ఆశ కార్యకర్త పాప ఎడమ జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తోంది. 12.5 సెంటీమీటర్లు దాటితే పచ్చ, 11.5కు తగ్గితే ఎరుపు. కొలత పసుపులో ఆగింది. ఇవాళ్టి విరేచనాల కంటే ఆ పసుపు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఎందుకంటే నెలకోసారి, రెండు నెలలకోసారి ఇలా కట్లు తెగి అతుక్కునే పేగుకు కొన్నాళ్లకు అతుక్కోవడమే బరువవుతుంది. విరేచనాలు లేని రోజుల్లో కూడా మొలతాళ్లు వదులుగానే ఉంటాయి, కొండల్లాంటి ఆ మడతలు అరిగి చదునవుతాయి. తిన్న జావ ఒంటికి పట్టదు, పిల్ల ఎత్తు పెరగదు. దీన్ని కొలవడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. పిల్లకు రెండు చక్కెరలు కలిపి తాగిస్తారు. చిన్నదైన మానిటాల్‌ను పేగు మామూలుగా పీల్చుకుంటుంది. పెద్దదైన లాక్టులోజ్ కణాల మధ్య సందు ఉంటేనే దాటుతుంది. తర్వాత ఒంటేలులో రెండూ ఎంతెంత వచ్చాయో చూస్తారు. ఎనిమిది దేశాల పసిపిల్లలను పుట్టినప్పటి నుంచి వెంటాడి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో మన వెల్లూరు కూడా ఉంది, అక్కడ ఈ పరీక్షే వాడారు. ఈ అరుగుదల ఊసు టీకాల దగ్గరా వస్తుంది. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకా, రోటావాక్ చుక్కలను 2016లో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చుక్కలు తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి కాస్త పైగా ఆపుతాయి. ఇలాంటి నోటి టీకాలు ధనిక దేశాల్లో ఇంకా బాగా పనిచేస్తాయి. ఇలా అరిగిన పేగు అందుకు ఒక కారణమై ఉండొచ్చని పరిశోధకుల అనుమానం.

అరిగిన పేగు తెలుగువాళ్లకు కొత్త దుఃఖం కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు ఉష్ణమండల స్ప్రూతో పోయారు. పేగు పొర చదునై తిన్నది తిన్నట్టు పోయే జబ్బు అది. మన వైద్యులు గ్రహణి అన్నదానికి దగ్గరిది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి, 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకు మందైంది. కణాల మధ్య ఈ నార ఉందని ఆయన కాలంలో ఎవరికీ తెలియదు, 1948లోనే కన్నుమూశారు.

"జింకు బిళ్లలు పద్నాలుగు రోజులు చెల్లీ. విరేచనాలు ఆగినా మానొద్దు," అంటోంది ఆశ కార్యకర్త. బిళ్లను చెంచాలో కరిగించి చూపిస్తోంది. జింకు లేని కణాల్లో జెడ్‌ఓ-1 తగ్గి కట్లు సడలడం ప్రయోగశాలల్లో చూశారు. ఆమె ఆ సంగతి చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. పద్నాలుగు అని నేల మీద పద్నాలుగు గీతలు గీస్తుంది. తల్లి వేలితో ఒక్కో గీతా తాకుతూ లెక్కపెట్టుకుంటుంది.

"పాలు ఇవ్వొచ్చా అక్కా?"

"ఎందుకియ్యకూడదు? అడిగినప్పుడల్లా ఇయ్యి. బోరింగు నీళ్లు కాచి వడగట్టు, తుప్పు కిందికి దిగుద్ది. చెలమవి వద్దు."

పాప తల్లి ఒళ్లో ఉన్నట్టుండి ఒంటికి పోసింది. ముతక చీర మీద చిన్న తడి మచ్చ. ఇద్దరాడవాళ్లూ ఒక్కసారి నవ్వారు. నిన్న రాత్రి నుంచి పాప పోయడం ఇదే మొదటిసారి. తల్లి పాపను భుజాన వేసుకుని, జారిన మొలతాడును పైకి లాగి, ముడి విప్పి, కొంచెం బిగించి మళ్లీ వేసింది.

బయట తాత చివరి దబ్బ దగ్గరున్నాడు. నారను పళ్లతో పట్టి లాగి ముడి వేశాడు. అరచేత్తో తడికను తోసి చూశాడు. కొంచెం ఊగి నిలబడింది. మట్టి రేపు మెత్తుతాడు, వాన ఆగితే.

మళ్లీ మబ్బు కమ్ముతోంది, వాగు పెరగకముందే దాటాలి. మూడు ప్యాకెట్లు గూట్లో పెట్టి ఆశ కార్యకర్త సంచి నెత్తికెత్తుకుంది. మీరు గట్టు దిగేసరికి నీళ్లు తొడల దాకా వచ్చాయి, రంగు ఎర్రబడింది. పొద్దున చూసిన చెలమ ఇసుకలో పూడిపోయింది. ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. బారెడు దూరంలో వంగి, రెండు చేతులతో ఇసుక తోడి పక్కకు పోస్తోంది. గుంటలో బురద నీరు మెల్లగా ఊరి, మెల్లగా తేటపడుతోంది. ఆమె బిందె పక్కన పెట్టుకుని ఎదురుచూస్తోంది.